అక్క ఊపిరి కొలత

ఐకెర్‌బేక్, లింబర్గ్
జనవరి 12, 1986

ఒరేయ్ హ్యూబ్,

నీకు ఫోను చేద్దామంటే తీగ పీకేసి కూచుంటావు. నువ్వు సంగీతం రాస్తున్నప్పుడు లోకమంతా నోరు మూసుకోవాలి కదా! అందుకే ఈ కాగితం, కలం. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అది చలికి కాదు, కోపానికి.

నువ్వు పంపిన నొటేషన్ల కట్ట వచ్చింది. శుక్రవారం సాధనకని అందరం కాఫీ హోటలు పైగదిలో ఉన్నాం. బ్యాండు నడిపే వోల్టర్స్ మాస్టరు కత్తెర తెప్పించి మరీ విప్పాడు. మన ఊరి బ్యాండు అక్టోబరు పోటీలో వాయించడానికి ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరుమోసిన సంగీతకర్త కొత్తగా రాసిచ్చాడంటే మాటలా! అందరూ "మీ తమ్ముడు ఫీన్, మీ తమ్ముడు" అంటుంటే నేనూ పొంగిపోయాను. ఆ పొంగుతోనే నా కాగితాలు తీసుకున్నాను.

ఏముందిరా వాటిలో? విరామం. దాని కింద విరామం. పేజీ తిప్పితే మళ్ళీ విరామమే. మొదట్లో అచ్చు పడలేదేమో అనుకున్నాను. ఆఖరి పేజీలో, అదీ ఆఖరి వరసలో, ఒకే ఒక్క స్వరం! పెళ్ళికి ముందునుంచీ ఈ ట్యూబాని, ఈ ఇత్తడి ఏనుగుని ఒళ్ళో మోస్తున్నదాన్ని. ఆ ఒక్క కూతకోసం నన్ను పోటీదాకా బస్సెక్కిస్తావా? మందుల షాపావిడ ఊదే కొమ్ముకి మాత్రం ఊపిరి తీసుకునే సందు లేకుండా చీమలబారులా రాసిపెట్టావు. నా పక్కన రెండో ట్యూబా ఊదే రొట్టెల టోన్ గాడు నా కాగితం చూసి, "ఫీనక్కా, నీకు దిండు తెచ్చిపెట్టనా?" అన్నాడు. గది గదంతా నవ్వింది.

నాకు తలకొట్టేసినట్టయింది. నా భాగం మార్చి రాసి పంపు. సరైన భాగం రాయి.

మా బాత్రూము తలుపు వెనక పుట్టినరోజుల క్యాలెండరు ఉంది కదా. జనవరి పేజీలో నీ పేరుంది. రోజూ పొద్దున్నే అక్కడ కూచుని నీ పేరు చూడాల్సిన ఖర్మ నాది. కొట్టేద్దామని నిన్న పెన్సిలు కూడా పట్టుకెళ్ళాను.

అన్నట్టు, పుట్టినరోజు శుభాకాంక్షలు.

నీ అక్క
ఫీన్


ఆమ్‌స్టర్‌డామ్
జనవరి 25

అక్కా,

శుభాకాంక్షలకి థాంక్స్. పెన్సిలుకి కూడా.

విరామం అంటే నువ్వు ఖాళీ అనుకుంటున్నావు. అంతసేపూ నువ్వు మౌనాన్ని వాయిస్తుంటావు. నీ ఒళ్ళో ఆ ట్యూబా ఉందనీ, అది ఇంకా పలకలేదనీ హాల్లో ప్రతివాడికీ తెలుస్తుంటుంది. చివరికి అది పలికినప్పుడు నేల కదిలినట్టుండాలి. దీన్ని మీ టోన్‌కి చెప్పి ప్రయోజనం లేదు. నీకైనా అర్థమవుతుందనుకున్నాను.

ఇక్కడ మాత్రం నేను సుఖపడుతున్నానా? పెద్ద వాద్యబృందంతో నా కొత్త కృతి సాధన జరుగుతోంది. సరిగ్గా ఉత్కంఠ తారస్థాయికి వచ్చేసరికి కాఫీ వేళయింది. వయొలిన్లవాళ్ళు గాల్లో ఉన్న విల్లుని గాల్లోనే ఆపి లేచిపోయారు. యూనియన్ నియమమట! తిరిగొచ్చేసరికి ఒక్కొక్కడి చేతిలో ఒక్కో బిస్కట్టు. తలబాదుకున్నాను. పైగా పిల్లనగ్రోవి ఊదే ఆవిడ లేచి, "ఈ పేజీలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలండీ?" అంది. "ఇంటికెళ్ళాక తీసుకోండి" అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. వీళ్ళతో ఇలా ఉంటే, ఇంటినుంచి నీ సతాయింపు.

ఆ స్వరం మార్చను. ఉన్నదున్నట్టు వాయించు.

సాధన అయ్యాక చలిలో నడుచుకుంటూ రాకు, ఎవరైనా కారులో దింపుతారేమో అడుగు. దగ్గు ఎలా ఉంది?

హ్యూబ్


ఐకెర్‌బేక్
ఫిబ్రవరి 2

హ్యూబ్,

దగ్గా? ఏ దగ్గు? నా దగ్గు సంగతి నీకెవరు చెప్పారు?

నీ ఉత్తరం స్టవ్ దగ్గర నుంచుని చదువుతున్నాను. ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. పాలు పొంగి పొయ్యంతా పారాయి. అప్పుడు వెలిగింది నాకు. మౌనాన్ని వాయించడమట! నేల కదలడమట! నీ మొహం. నా కూతురు మార్లీస్ నీకు చేరవేసింది, నువ్వు జాలిపడి నాకు ఒక్క స్వరం ముష్టి వేశావు. అంతేనా, కాదా?

నాన్న సంగతి గుర్తుందా నీకు? నువ్వప్పటికే చదువని వెళ్ళిపోయావు. నేను చూశాను. గని దుమ్ము గుండెల నిండా చేరాక కూడా ప్రతి శుక్రవారం ఆయన్ని పైగదికి చేతులమీద ఎక్కించేవాళ్ళు. ఇదే ట్యూబా ఒళ్ళో పెట్టుకుని, ఊదకుండా, వేళ్ళు మాత్రం మీటలమీద ఆడించేవాడు. ఒక్క కూత రాదు. అందరూ ఆయన వైపు చూసి చిన్నపిల్లాడితో నవ్వినట్టు నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ కుర్చీలోనే నేనిప్పుడు కూచుంటున్నాను. ఊదగలిగినన్నాళ్ళూ ఊదుతాను. లేకపోతే లేచి ఇంటికొచ్చేస్తాను. బొమ్మలా మాత్రం కూచోను.

నాన్నకి బొగ్గు, నాకు పింగాణీ. ఫ్యాక్టరీలో అన్నేళ్ళు పళ్ళేలకి పూత పూస్తే ఊరికే పోతుందా? డాక్టరు ఏదో అన్నాడు. డాక్టర్లన్నాక ఏదో ఒకటి అంటారు. అది నా గొడవ.

పోటీలో నేను వాయించాలి హ్యూబ్. వాయించినట్టు వాయించాలి. కార్నివాల్ పండగ అయ్యేలోగా కాగితాలు పంపు.

ఫీన్


ఆమ్‌స్టర్‌డామ్
ఫిబ్రవరి 17

అక్కా,

మార్లీస్‌ని తిట్టకు. "అమ్మ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటిస్తోంది మావయ్యా" అని చెప్పి ఏడ్చింది. ఊపిరితిత్తుల్లో సగమే పనిచేస్తోందని డాక్టరు అన్నాడట కదా. ఆ మాట నాకు నువ్వు చెప్పాలి. చెప్పవు. ఎప్పుడూ చెప్పవు. నేనేమో ఇక్కడ కూచుని ఊహించుకుని చావాలి.

అవును, అందుకే ఒక్క స్వరం రాశాను. సగం అందుకే. మిగతా సగం నిజంగానే బాగుంటుందని.

నీకు అది అవమానమైంది. సరే. ఇదిగో, కొత్త భాగం పంపుతున్నాను. మొదటి గీత నుంచి చివరి గీత దాకా నువ్వే ఉన్నావు. మందుల షాపావిడ చీమలు నీ ముందు దిగదుడుపు. తీసుకో. తృప్తిగా ఊదు. ఆ తరవాత నీకేమైనా అయితే నన్ననొద్దు.

హ్యూబ్


ఐకెర్‌బేక్
మార్చి 9

హ్యూబ్,

నీ భాగం అఘోరించినట్టుంది. ఎక్కడా ఊపిరి తీసుకునే చోటే లేదు. ఎవడు నేర్పాడురా నీకు?

మొన్న శుక్రవారం వాయించాను. సగం దాకా బాగానే ఉన్నాననిపించింది. నా స్వరాలు గట్టిగా, చక్కగా పలుకుతున్నాయి. నేనింకా ఊదగలుగుతున్నానే అని లోలోపల ఎంత మురిసిపోయానో! తీరా చూస్తే నా పెదాలు ఊరికే ఉన్నాయి. ఆ పలుకుతున్నది టోన్ గాడి ట్యూబా. నేను ఆగిన చోటల్లా వాడు చప్పుడు కాకుండా అందుకుంటున్నాడు. బ్యాండులో అందరం చేసే పనే అది, ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు పక్కవాళ్ళు సాగదీస్తారు, వినేవాళ్ళకి అతుకు తెలీకుండా. దొంగ ఊపిరి అంటాం. కానీ వాడు నాకోసం తన భాగమే వదిలేశాడు. నా వంక చూడనుకూడా లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పు. మొదట జాలిపడి ఒక్క స్వరం రాశావు. తరవాత కోపమొచ్చి వెయ్యి రాశావు. "అక్కా, నీకెంత ఊపిరుంది?" అని ఒక్కసారైనా అడిగావా? నన్నే కాదు, ఎవర్నైనా అడిగావా? ఆ పిల్లనగ్రోవి ఆవిడ నోరు తెరిచి అడిగితే ఇంటికెళ్ళాక తీసుకోమన్నావు. ఆ ఉత్తరం చదివి నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఫీన్


ఆమ్‌స్టర్‌డామ్
మార్చి 14

అక్కా,

నీకెంత ఊపిరుంది?

గడియారం చూసి చెప్పకు, కంగారులో తప్పు చెబుతావు. అమ్మ కోడిగుడ్లు ఉడకబెట్టినట్టు కొలువు. మరియమ్మ జపం చదువుతూ ఉడికించేది కదా. లోపల మెత్తగా కావాలంటే తక్కువ జపాలు, గట్టిగా కావాలంటే ఎక్కువ. ట్యూబాలో అన్నిటికన్నా కిందిస్వరం పట్టుకుని మనసులో జపం మొదలుపెట్టు. ఏ మాట దగ్గర తెగిపోతుందో అది రాసి పంపు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

అబద్ధం చెప్పావంటే నా మీద ఒట్టే. నిజం రాస్తే దానికి తగ్గట్టు నేను రాస్తాను.

హ్యూబ్

(పిల్లనగ్రోవి ఆవిడని కూడా అడిగాను. నమ్మలేనట్టు చూసి, తరవాత గబగబా పేజీ నిండా ఊపిరి గుర్తులు పెట్టింది. అడ్డమైన చోటల్లా పెట్టింది. పళ్ళు నూరుకుంటూ ఒప్పుకున్నాను. కృతి చెడలేదు. అదే నాకు మండిపోతోంది.)


ఐకెర్‌బేక్
మార్చి 24

తమ్ముడూ,

ఈస్టరు ముందు పవిత్ర వారంలో మరియమ్మ జపంతో నాచేత ట్యూబా ఊదించావు. ఫాదర్‌కి తెలిస్తే నిన్ను కాదు, నన్ను నిలబెట్టి కడుగుతాడు.

ఇదిగో లెక్క. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో జపమంతా అయిపోయి, 'ఆమెన్' కూడా అనేసి, ఇంకా కాస్త మిగిలేది. ఇప్పుడు పొద్దున పూట, కాఫీ తాగి, చెర్రీ పళ్ళ వ్లాయ్ కేకు ముక్క తిన్నాక, 'స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు' దాకా వస్తుంది. సాయంత్రం మొదటి ముక్కలోనే, 'దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము' దగ్గరే తెగుతుంది. మెట్లెక్కి వెంటనే ఊదితే ఏమీ రాదు, గాలి మాత్రం బుస్సుమంటుంది. జపం చివర్లో 'మా మరణ సమయమందును' అనే మాట దాకా ఏ పూటా వెళ్ళలేకపోతున్నాను. ముందే ఆగిపోతున్నాను. దీన్ని మేలనుకోవాలో కీడనుకోవాలో తెలీడం లేదు.

ఇంకోటి. ఊపిరి తీసుకునేటప్పుడు ఈలలాంటి చప్పుడొస్తోంది. నాన్నకి వచ్చేదే. దాన్నేం చేస్తావో చూసుకో.

అడిగినందుకు చెప్పాను. మార్లీస్‌కి కూడా చెప్పలేదు ఇదంతా.

ఫీన్


ఆమ్‌స్టర్‌డామ్
జూన్ 20

అక్కా,

మొత్తం చించేసి మళ్ళీ రాశాను. కొత్త కట్ట రేపు పోస్టు చేస్తాను. వోల్టర్స్ మాస్టరు విప్పకముందే నువ్వు ఇది చదవాలి.

ఈసారి నువ్వు మొదటినుంచీ ఉన్నావు. నీది ఒక్కో పొడుగు స్వరం. ఎంత పొడుగంటే, నీ ఊపిరి ఎంతవరకు వస్తే అంత. కాగితంమీద కొలత వేయలేదు. నీ స్వరంమీద మిగతా బ్యాండంతా సంగీతం కడుతుంది. నువ్వు ఆపిన చోట అందరూ ఆపాలి. దొంగ ఊపిరి నిషేధం. పక్కవాడు అందుకోకూడదు, సాగదీయకూడదు. నువ్వు ఊపిరి తీసుకుంటే అందరూ నీతోపాటు తీసుకోవాలి, పైకి వినబడేలా. నీ ఈల ఉండనీ. మాస్టరు తాళం వేయకూడదు, నీ వైపు చూడాలి.

ఇది జాలి అనుకుంటే పొయ్యిలో పడెయ్. ఇన్నేళ్ళలో దీనికన్నా బాగా రాయలేదు నేను. ఆ సంగతి ఒప్పుకోవడం నాకెంత కష్టంగా ఉందో నీకు తెలుసు.

హ్యూబ్


ఐకెర్‌బేక్
సెప్టెంబరు 7

హ్యూబ్,

బ్యాండులో తిరుగుబాటు లేచింది. కొమ్ములవాళ్ళు "మాకు ఊపిరి మిగిలిపోతోంది, ఎక్కడ పోసుకోవాలి?" అంటున్నారు. వోల్టర్స్ మాస్టరు, "ఇరవై ఏళ్ళుగా అతుకు కనబడకుండా వాయించండర్రా అని మొత్తుకున్నాను. ఇప్పుడు అతుకులే వాయించమంటున్నాడు మహానుభావుడు" అని టోపీ నేలకేసి కొట్టాడు. తాళం కర్ర లేకపోయేసరికి ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో కుక్కుకుంటున్నాడు.

టోన్ గాడి బాధ చెప్పలేను. వాడి ఛాతీ పిండి గోనెలా ఉంటుంది. నేను ఆపగానే వాడూ ఆపలేక, ఆ మిగిలిన గాలితో బుగ్గలు ఉబ్బి, మొహం జేవురిస్తోంది. మూడుసార్లు జారి సాగదీశాడు. మూడుసార్లూ మోచేత్తో పొడిచాను.

పోటీకి వస్తావా? వస్తే హాల్లో కూచో. నీ సంగీతం మొదటిసారి వాయించినప్పుడల్లా కోట్లు తగిలించే చోట నుంచుంటావని మార్లీస్ చెప్పింది. ఆ వేషాలు మా దగ్గర వద్దు.

ఫీన్


ఐకెర్‌బేక్
అక్టోబరు 21

ఒరేయ్ పిరికిపంద,

నుంచున్నావు. కోట్ల దగ్గరే నుంచున్నావు! అయిపోగానే అక్కనైనా పలకరించకుండా రైలెక్కేశావు. కాబట్టి నువ్వు చూడనిది నేనే చెప్పాలి. నా ఖర్మ.

న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఎప్పట్లాగే తెర వెనక కూచున్నారు, ఏ ఊరి బ్యాండో తెలీకూడదని. మేం ఎక్కాం. వేదిక మెట్లు ఎక్కువ. నాకు ఎక్కుతూనే తెలిసిపోయింది, ఇవాళ 'స్త్రీలలో' లేదు, ఏమీ లేదు అని. మొదటి స్వరం 'వందనము' దగ్గరే పుటుక్కున తెగింది. ఈ మధ్య సాధనలో ఎప్పుడూ అంత తొందరగా తెగలేదు.

అయిపోయింది అనుకున్నాను. టోన్ అందుకుంటాడు, కొమ్ములవాళ్ళు సాగదీస్తారు, నేను నాన్నలా మీటలమీద వేళ్ళాడిస్తూ కూచుంటాను అనుకున్నాను.

ఒక్కడూ సాగదీయలేదురా. నాతోపాటు అందరూ ఠక్కున ఆగారు. సాయంత్రం దాకా ఊదగలిగే టోన్ గాడు కూడా. హాలు నిశ్శబ్దం. మాస్టరు నా వంకే చూస్తున్నాడు, చేతులు జేబుల్లోనే. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. నేను ఊపిరి తీసుకున్నాను, నా ఈలతో సహా. నాతోపాటు బ్యాండంతా పీల్చింది. ఆ చప్పుడు నా వీపుకి తగిలింది హ్యూబ్. మళ్ళీ మొదలుపెట్టాను. అలాగే చివరిదాకా. ఎక్కడ తెగితే అక్కడ అందరం.

ఆఖరి స్వరం, నీ మొదటి ముష్టి స్వరమే అనుకో, దాన్ని పట్టుకున్నాను. ఎంతవరకు వచ్చిందో నీకు చెప్పను. అది నాది.

ఇక ఫలితం. న్యాయనిర్ణేతలు ఏం రాశారో విను: "బ్యాండు కారణం లేకుండా మాటిమాటికీ ఆగుతోంది. మంద్ర వాద్యాల ఊపిరి వినబడుతోంది, సవరించుకోవాలి." మార్కులు చాల్లేదు. వచ్చే ఏడు పోటీలో కింది తరగతిలో వాయించాలి. అది విని వోల్టర్స్ మాస్టరు, నిన్ను నాలుగు నెలలు తిట్టిన మనిషి, ఏకంగా తెర పక్కకి లాగి, "మీకు చెవులున్నాయా, అలంకారానికి పెట్టుకున్నారా?" అని అడిగేశాడు. ఆయన్ని పట్టుకుని బయటికి తీసుకురావడానికి నలుగురు కావలసొచ్చారు. బస్సులో అందరూ పాడుతూ వచ్చారు. నేను పాడలేదు, ఊపిరి దాచుకున్నాను.

ఒళ్ళు మండుతోంది నాకు. సవరించుకోవాలట! నువ్వు వచ్చి వాళ్ళని తిట్టాల్సింది. అక్కడ కోట్లు లెక్కపెడుతున్నావు.

ఫీన్


ఆమ్‌స్టర్‌డామ్
అక్టోబరు 27

అక్కా,

కోట్ల మధ్యనుంచి స్వరాలు సరిగ్గా వినబడలేదు. ఊపిరి వినబడింది. మొదటిసారి వినగానే ఎవరిదో కోటు పట్టుకుని ఏడ్చాను. అందుకే నీకు మొహం చూపించలేదు. ఎవరి కోటో తెలీదు. తడిసింది.

కింది తరగతికి కూడా బ్యాండు కొత్తది వాయించాలి కదా?

హ్యూబ్


ఆమ్‌స్టర్‌డామ్
ఫిబ్రవరి 8, 1987

అక్కా,

ఇప్పుడెంతవరకు?

హ్యూబ్


ఐకెర్‌బేక్
ఫిబ్రవరి 15

హ్యూబ్,

'వందనము' అందకుండా, 'మరియమ్మా' దాకా. అదీ పొద్దున పూటే.

టోన్ గాడు సాధనలో ఇప్పుడు నేను పొడవకుండానే అక్కడికే ఆపేస్తున్నాడు, వెధవ. మిగతావాళ్ళూ అంతే.

ఎన్నాళ్ళు కూచుంటావు? త్వరగా రాయి.

ఫీన్